పఫ్ పీల్చాక గుండెదడ: జబ్బు వల్లా, మందు వల్లా?

క్లుప్తంగా: ఆయాసం వచ్చినప్పుడు జబ్బూ గుండె వేగాన్ని పెంచుతుంది, దానికి వాడే మందూ పెంచుతుంది. ఏది కారణమో తేల్చడానికి ఒక్క అంకె చాలదు. ఊపిరి తేలికపడుతున్న కొద్దీ నాడి ఎటు కదులుతోందో చూడాలి. ఇన్‌హేలర్‌కు భయపడి మాత్రలకు, సిరప్‌లకు మారినవాళ్ల గుండెకే ఎక్కువ మందు చేరుతుంది. దడ తగ్గడానికని సొంతంగా ప్రొప్రనొలాల్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) వేసుకోవడం ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణాల మీదకు తేవచ్చు.

రెండు పఫ్‌లు పీల్చిన పది నిమిషాలకు చేతివేళ్లు సన్నగా వణుకుతాయి. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తున్నట్టు ఉంటుంది. పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 108 అని కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్న చాలా ఇళ్లలో ఇది మామూలుగా జరిగేదే. అక్కడి నుంచి "ఇన్‌హేలర్ గుండెకు మంచిది కాదట" అనే మాట పుడుతుంది. ఇన్‌హేలర్ బీరువాలోకి పోతుంది, మాత్రలు జేబులోకి వస్తాయి. గుండెను కాపాడుకుందామని చేసిన ఈ మార్పే గుండె మీద ఎక్కువ బరువు వేస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు జబ్బు ఒక్కటే, ఏ మందూ లేకుండా, గుండెను ఏం చేస్తుందో చూడాలి.

ఊపిరి అందనప్పుడు గుండె పని

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఉబ్బసం లేచినప్పుడు శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, కఫం చిక్కబడి దారికి అడ్డం పడుతుంది. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ప్రతి శ్వాసకూ కొంత గాలి లోపలే మిగిలిపోతూ ఛాతీ ఉబ్బిపోతుంది. మెడ, పక్కటెముకల కండరాలు కూడా శ్వాస కోసం పని మొదలుపెడతాయి. వాటికి రక్తం కావాలి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఉన్నదాన్నే వేగంగా తిప్పడానికి గుండె పరుగెత్తాలి. వీటికి తోడు ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయం. ఆ భయానికి అడ్రినలిన్ ఎగదన్నుతుంది. ఇలా నాలుగు వైపుల నుంచీ గుండెకు ఒకటే కబురు అందుతుంది: తొందరగా కొట్టుకో అని.

అందుకే ఆయాసం తీవ్రతను అంచనా వేసే కొలతల్లో నాడి వేగం ఒకటి. పెద్దవాళ్లలో నిమిషానికి 110 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బ్రిటిష్ మార్గదర్శకాలు దాన్ని తీవ్రమైన ఆయాసం లక్షణంగా లెక్కిస్తాయి. అంతర్జాతీయంగా వాడే 'జినా' మార్గదర్శకాలు 120 దాటితే తీవ్రం అంటాయి. పిల్లల నాడి మామూలుగానే వేగం కాబట్టి హద్దులు వేరు: అయిదేళ్లు దాటినవాళ్లలో 125 పైన, ఒకటి నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 140 పైన ఉంటే తీవ్రం. ఈ అంకెల్ని ఒంటరిగా చూడకూడదు. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, నిమిషానికి 25 లేదా అంతకు మించి శ్వాసలు, గాలి ఎంత వేగంగా బయటికి ఊదగలరో కొలిచే పీక్‌ఫ్లో మీటరులో ఆ మనిషి మామూలు అంకెలో సగమే రావడం వంటివాటితో కలిపి చదవాలి.

ఇక్కడే అందరూ తప్పుగా అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. తీవ్రమైన ఆయాసంలో 130 ఉన్న నాడి, ఏ చికిత్సా సరిగా అందకుండానే, మనిషి ఇంకా అవస్థ పడుతుండగానే 70కి, 60కి జారిపోతే అది మెరుగుదల కాదు. గుండె, ఊపిరి రెండూ అలసి చేతులెత్తేస్తున్న స్థితి అది. ఛాతీలో పిల్లికూతలు కూడా వినిపించకుండా పోవడం, మత్తుగా మాట్లాడటం, పెదవులు నీలంగా మారడం సాధారణంగా దానికి తోడుగా వస్తాయి.

సాల్బ్యుటమాల్ గుండెను ఎలా తాకుతుంది

ఆయాసం వచ్చినప్పుడు ఎక్కువమంది వాడేది సాల్బ్యుటమాల్, అంటే అస్థాలిన్ వంటి నీలిరంగు ఇన్‌హేలర్. శ్వాసనాళాల కండరంలో బీటా-2 గ్రాహకాలు, అంటే మందు పట్టుకునే చోట్లు, ఉంటాయి. మందు వాటిని తట్టగానే కండరం సడలుతుంది. అయిదు నిమిషాల్లోపే ఉపశమనం మొదలై 4 నుంచి 6 గంటలు నిలుస్తుంది. గుండెలో ఎక్కువగా ఉండేవి బీటా-1 గ్రాహకాలు. ఆ లెక్కన గుండె జోలికి పోకూడదు. కానీ మూడు దారుల్లో పోతుంది.

మొదటిది, గుండెలో కూడా దాదాపు నాలుగో వంతు బీటా-2 రకమే. రక్తంలోకి చేరిన మందు వాటిని నేరుగా తడుతుంది. రెండోది, చేతులు కాళ్ల కండరాలకు వెళ్లే రక్తనాళాల్లోనూ బీటా-2 ఉంది. అవి వదులైతే రక్తపోటులో కింది అంకె కొంచెం పడుతుంది. దాన్ని సరిచేయడానికి గుండె తనంతట తాను వేగం పెంచుకుంటుంది. మూడోది పొటాషియం. సాల్బ్యుటమాల్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. ఈ గుణం ఎంత బలమైనదంటే, కిడ్నీ జబ్బుల్లో పొటాషియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు దాన్ని దించడానికి ఆసుపత్రుల్లో ఇదే మందును నెబులైజర్‌లో (మందును సన్నటి తుంపరగా మార్చి పీల్పించే యంత్రం) 10 నుంచి 20 మిల్లీగ్రాములు పెడతారు. ఉబ్బసం రోగిలో అదే గుణం పొటాషియాన్ని మరీ తగ్గిస్తే గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్, నీరు తీసే మాత్ర, డెరిఫిలిన్‌లో ఉండే థియోఫిలిన్ కూడా పొటాషియాన్ని దించేవే. ఇవన్నీ కలిసి నడుస్తున్న మనిషికి మళ్లీ మళ్లీ నెబులైజేషన్ పెడుతున్నప్పుడు పొటాషియం పరీక్ష, ఈసీజీ చేయించమనడం వృథా ఖర్చు కాదు.

చేతుల వణుకు గుండెకు సంబంధించినది కాదు. అది కండరాల్లోని బీటా-2 పని. మందు రోజూ వాడేవాళ్లలో వణుకు, దడ రెండూ కొన్ని రోజుల్లో తగ్గుతాయి, శరీరం అలవాటు పడుతుంది. అది మంచి వార్తగా కనిపిస్తుంది గానీ అదే అలవాటు శ్వాసనాళాల్లోనూ వస్తుంది. నీలి ఇన్‌హేలర్ రోజూ కావలసి వస్తోందంటే లోపలి వాపుకు మందు అందడం లేదని అర్థం.

ఎక్కువ మోతాదులో మరో చిక్కు ఉంది. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి, దాన్ని తోసేయడానికి శ్వాస వేగం పెరుగుతుంది. పిల్లికూతలు తగ్గాయి, గాలి బాగా ఆడుతోంది, అయినా మనిషి ఎగపోస్తూనే ఉంటాడు. ఆయాసం తగ్గలేదనుకుని ఇంకో నెబులైజేషన్ పెడితే ఆమ్లం ఇంకా పెరుగుతుంది. ఆసుపత్రిలో రక్తపరీక్షతో తేల్చాల్సిన విషయం ఇది.

మోతాదు లెక్క: పఫ్, నెబులైజర్, మాత్ర

సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్‌లో ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. రెండు పఫ్‌లంటే 200, అంటే మిల్లీగ్రాములో అయిదో వంతు. నెబులైజర్‌లో పోసే చిన్న గొట్టంలో 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అది 25 పఫ్‌లకు సమానం. సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు, 20 పఫ్‌ల మందు. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి 40 పఫ్‌లకు సమానం.

నెబులైజర్ మందులో ఎక్కువ భాగం గాలిలోకీ గొట్టాల్లోకీ పోతుంది కాబట్టి 25 రెట్లూ ఒంట్లోకి చేరవు. అయినా పఫ్ కన్నా ఎక్కువే చేరుతుంది, దడ ఎక్కువే ఉంటుంది. మాత్ర సంగతి వేరు. అది పేగుల్లోంచి కాలేయం మీదుగా రక్తంలోకి వచ్చి, ఒళ్లంతా తిరిగి, చివరికి ఎక్కడో కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. పని మొదలుకావడానికి అరగంట పడుతుంది. దారిలో గుండె ముందే తగులుతుంది. మాత్ర ఇన్‌హేలర్ కన్నా 'తక్కువ పవర్' అన్న నమ్మకానికి ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

దగ్గు సిరప్‌ల దగ్గర ఈ లెక్క ఇంకా తప్పుతుంది. కఫం కరిగించే సిరప్‌గా కొనేవాటిలో చాలావాటిలో టెర్బ్యుటలిన్ గానీ, సాల్బ్యుటమాల్ గానీ, లెవోసాల్బ్యుటమాల్ గానీ ఉంటుంది. మాంటెలుకాస్ట్‌తో కలిపి వచ్చే కొన్ని మాత్రల్లో బాంబ్యుటెరాల్ ఉంటుంది. అది ఒంట్లో టెర్బ్యుటలిన్‌గా మారుతుంది. ఇన్‌హేలర్, సిరప్, కలగలుపు మాత్ర మూడూ నడుస్తున్న మనిషి ఒకే జాతి మందును మూడు దారుల్లో తీసుకుంటున్నట్టు. వీటికి తోడు జలుబు మాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉంటే అదీ గుండెను తరుముతుంది. దడ వచ్చినప్పుడు మొదట చేయాల్సిన పని సీసాల మీదా, అట్టల మీదా ఉన్న సన్న అక్షరాల్లో ఈ పేర్లు వెతకడం.

లెవోసాల్బ్యుటమాల్‌కు దడ తక్కువని పేరు. సాల్బ్యుటమాల్‌లో పనిచేసే సగాన్ని విడదీసి చేసిన మందు ఇది. ఒక పఫ్‌లో 50 మైక్రోగ్రాములే ఉంటుంది. ఊపిరికి పనిచేసేదీ గుండెను తట్టేదీ ఆ సగమే కాబట్టి సరిసమానమైన మోతాదులో పోల్చినప్పుడు గుండె వేగంలో చెప్పుకోదగ్గ తేడా స్థిరంగా కనిపించలేదు.

థియోఫిలిన్: ఇరుకు గట్టు

డెరిఫిలిన్ పేరు తెలియని ఉబ్బసం ఇల్లు మన ఊళ్లలో అరుదు. అందులో ఉండేవి ఎటోఫిలిన్, థియోఫిలిన్. ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1888లో థియోఫిలిన్‌ను తేయాకు నుంచి వేరు చేశాడు. కాఫీలోని కెఫీన్‌కు ఇది దగ్గరి చుట్టం. అందుకే ఈ మాత్ర వేసుకున్న రోజు మూడు నాలుగు కాఫీలు పడితే దడ ఇంకా పెరుగుతుంది.

గుండె విషయంలో ఉబ్బసం మందులన్నిటిలోకీ జాగ్రత్త పడాల్సింది దీనితోనే. రక్తంలో దీని స్థాయి మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని పాత పద్ధతి. ఇప్పుడు 5 నుంచి 15 చాలంటున్నారు. 20 దాటితే వికారం, వాంతి, దడ. 40 ప్రాంతానికి వస్తే లయ తప్పడం, మూర్ఛలు. పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య గట్టు అంత ఇరుకు. దానికి తోడు స్థాయి ఒకే చోట నిలవదు. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు దాన్ని పెంచుతాయి. జ్వరం, కాలేయ జబ్బు పెంచుతాయి. పొగతాగేవాళ్లలో మందు త్వరగా ఖర్చవుతుంది. అలాంటి మనిషి బీడీ మానేస్తే పాత మోతాదే ఎక్కువైపోతుంది. అంతమాత్రాన బీడీ తిరిగి మొదలుపెట్టకూడదు, మందు మోతాదు తగ్గించమని డాక్టర్ని అడగాలి. రిఫాంపిసిన్‌తో క్షయ చికిత్స మొదలైతే మందు స్థాయి పడిపోయి ఆయాసం తిరగబెడుతుంది. చికిత్స ముగిశాక మళ్లీ పెరుగుతుంది.

రోజూ మాత్ర వేసుకుంటున్న మనిషికి, ఆ సంగతి అడగకుండా, ఆయాసమని నరంలోకి డెరిఫిలిన్ గబగబా ఎక్కించడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి చోట ఇంజెక్షన్‌కు ముందే "నేను డెరిఫిలిన్ మాత్ర వేసుకుంటున్నాను" అని చెప్పాల్సిన బాధ్యత రోగి వెంట వచ్చినవాళ్లు తీసుకోవాలి. డాక్సోఫిలిన్ అదే కుటుంబంలో గుండెను కొంత తక్కువగా కదిలించే మందు. పూర్తిగా నిరపాయం అనలేం.

మిగిలిన మందులు

బ్యుడెసొనైడ్, ఫ్లుటికసోన్, బెక్లోమెథసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్లు గుండె వేగాన్ని పెంచవు. ఉబ్బసాన్ని నిజంగా అదుపులో పెట్టేవి ఇవే. ఇవి సరిగా నడిస్తే దడ పుట్టించే మందుల అవసరమే తగ్గుతుంది. ఇప్రాట్రోపియం, టయోట్రోపియం పీల్చినప్పుడు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. నోరు ఎండడం మామూలు, దడ అరుదు. మాంటెలుకాస్ట్‌తోనూ దడ అరుదే. దాని విషయంలో చూడాల్సింది నిద్ర, మనసులో వచ్చే మార్పులు.

ఫార్మోటెరాల్ కూడా బీటా-2 మందే. మూడు నిమిషాల్లోపు పని మొదలుపెట్టి 12 గంటలు ఉంటుంది. బ్యుడెసొనైడ్‌తో కలిపి ఫొరాకార్ట్ వంటి పేర్లతో దొరుకుతుంది. పెద్దవాళ్లు, కౌమారంలో ఉన్నవాళ్లు నీలి ఇన్‌హేలర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2019 నుంచి జినా చెబుతోంది. ఆయాసం అనిపించినప్పుడు ఈ జంట మందునే పీల్చమంటోంది. దీనితో దడ రాదని కాదు. ప్రతి పఫ్‌తో వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా లోపలికి పోతుంది కాబట్టి మొత్తమ్మీద తీవ్రమైన ఆయాసాలు తగ్గుతాయి. 6 మైక్రోగ్రాముల పఫ్‌లు రోజుకు 12కు మించకూడదు.

1960లలో బ్రిటన్‌లో, 1970లలో న్యూజిలాండ్‌లో

ఇన్‌హేలర్ భయానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1960లలో బ్రిటన్‌లో ఐసోప్రెనలిన్ ఇన్‌హేలర్లు విరివిగా అమ్ముడయ్యాయి. ఆ మందుకు బీటా-1, బీటా-2 అన్న తేడా లేదు, రెండింటినీ తడుతుంది. మామూలు దానికన్నా అయిదు రెట్లు ఘాటైన రకం కూడా బజారులోకి వచ్చింది. ఆ ఏళ్లలో ఉబ్బసం మరణాలు పెరిగాయి, ముఖ్యంగా బడి వయసు పిల్లల్లో. హెచ్చరికలు వచ్చి వాడకం తగ్గాక మరణాలూ తగ్గాయి. బీటా-2ను ఎంచుకుని పట్టే సాల్బ్యుటమాల్ అక్కడ 1969లో వచ్చింది. 1970ల చివర న్యూజిలాండ్‌లో ఫెనోటెరాల్‌తో మళ్లీ అలాంటిదే జరిగింది. పఫ్‌కు 200 మైక్రోగ్రాముల ఘాటు మందు అది.

గుండె మీద విషప్రభావమే మొత్తం కారణమా అన్నది చాలాకాలం వాదనలో ఉంది. రెండో వివరణ ఈనాటికీ వర్తిస్తుంది: ఘాటు మందు కాసేపు ఊరట ఇవ్వడంతో జనం ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారు, లోపలి వాపు అలాగే పెరిగింది. ఏడాదికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీలి ఇన్‌హేలర్లు ఖాళీ చేసేవాళ్లలో తీవ్రమైన ఆయాసాలు ఎక్కువనీ, 12 లేదా అంతకుమించి వాడేవాళ్లలో మరణ ప్రమాదం పెరుగుతుందనీ జినా హెచ్చరిస్తోంది. ఒక్కో డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఎప్పుడు కొన్నారో డబ్బా మీద తేదీ రాసుకుంటే ఈ లెక్క ఇంట్లోనే తేలుతుంది.

దడకు వేసే మందు ఊపిరి తీసే సందర్భం

వణుకు, దడ, ఆందోళన, మైగ్రేన్, థైరాయిడ్ ఎక్కువ కావడం: వీటన్నిటికీ ప్రొప్రనొలాల్ రాస్తారు. అది బీటా-1, బీటా-2 రెండింటికీ అడ్డం కూర్చుంటుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఆపైన సాల్బ్యుటమాల్ పీల్చినా అది పట్టుకోవాల్సిన చోటు ఖాళీగా ఉండదు కాబట్టి సరిగా పనిచేయదు. ఇన్‌హేలర్ వల్ల దడ వచ్చి, ఆ దడకు ఎవరికో రాసిన ప్రొప్రనొలాల్ వేసుకుంటే ఇదే జరుగుతుంది. గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) కంట్లో వేసే టిమొలాల్ చుక్కలది కూడా ఇదే దారి. రెండు చుక్కలే కదా అనిపిస్తుంది, కానీ అవి ముక్కు వెనక నుంచి నేరుగా రక్తంలోకి పోతాయి.

గుండెపోటు వచ్చినవాళ్లకు, గుండె బలహీనపడినవాళ్లకు బిసొప్రొలాల్, మెటొప్రొలాల్ వంటివి తప్పనిసరి కావచ్చు. ఇవి ప్రధానంగా బీటా-1ను పట్టేవి. ఉబ్బసం అదుపులో ఉంటే తక్కువ మోతాదుతో, డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెడతారు. అలాగే గుండె హఠాత్తుగా 150 పైన పరుగెత్తే ఎస్‌వీటీ అనే స్థితిలో అత్యవసర విభాగంలో ఎడినొసిన్ ఇస్తారు. అది శ్వాసనాళాలను బిగించగలదు, అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లకు వెరపమిల్ వంటి వేరే దారి చూస్తారు. అంబులెన్స్ ఎక్కినప్పుడు, క్యాజువాలిటీలో చేరినప్పుడు "ఉబ్బసం ఉంది" అన్న మాట గుండె డాక్టరుకు కూడా చెప్పాలనేది ఇందుకే.

నాడి చూసే పద్ధతి

ఆయాసం లేని రోజు, పొద్దున లేవగానే, కాఫీకి ముందు నాడి చూసి రాసుకోవాలి. బొటనవేలి మొదట్లో మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేస్తే చాలు. లయ తడబడుతుంటే పూర్తి నిమిషం లెక్కించాలి. అది ఆ మనిషి సొంత కొలత. ఒకరికి 64, ఇంకొకరికి 88. ఆక్సీమీటర్ వాడితే గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడిన వేళ్లు రీడింగును చెడగొడతాయని గుర్తుంచుకోవాలి.

ఆయాసం వచ్చినప్పుడు పఫ్‌కు ముందు ఒకసారి, 20 నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి చూడాలి. ముందు 124 ఉండి, 20 నిమిషాలకు 112, గంటకు 96 అయితే ఆ వేగం జబ్బుది. మందు దాన్ని దించింది. ముందు 84 ఉండి, ఊపిరి తేలికయ్యాక 104కు పెరిగి, గంట రెండు గంటల్లో వెనక్కి వస్తే అది మందు దడ, ఇబ్బందే తప్ప సాధారణంగా హాని లేదు. నాడి పెరుగుతూ ఊపిరి కూడా తేలికపడకపోతే అది తీవ్రమవుతున్న ఆయాసం. ఆసుపత్రికి బయలుదేరాలి. జ్వరాన్నీ లెక్కలో వేసుకోవాలి: ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే నాడి సుమారు 10 పెరుగుతుంది. గర్భిణుల్లో మామూలుగానే 10 నుంచి 20 ఎక్కువ ఉంటుంది. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడాల్సినవే.

మందు దడ తగ్గించడానికి అన్నిటికన్నా సులువైన సాధనం స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం. అది లేకుండా నేరుగా నోట్లో కొట్టుకుంటే మందులో ఎక్కువ భాగం గొంతులో పడి, మింగితే కడుపులోకి పోతుంది. ఊపిరికి చేరింది తక్కువ కాబట్టి ఇంకో రెండు పఫ్‌లు కావలసి వస్తాయి. డబ్బా ఊపి, స్పేసర్‌లోకి ఒక్కసారి ఒక్క పఫ్ మాత్రమే వదలాలి. నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టి, అర నిమిషం ఆగి రెండోది తీసుకోవాలి. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపల స్థిరవిద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది.

దడకు భయపడి మందు ఆపకూడని వేళ

మాట తెగిపోతోంది, పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయి, పఫ్‌లు పనిచేయడం లేదు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి, రోగిని నిటారుగా కూర్చోబెట్టి, సాల్బ్యుటమాల్ స్పేసర్‌తో అర నిమిషం నుంచి నిమిషానికి ఒక పఫ్ చొప్పున పది వరకూ ఇవ్వవచ్చు. నాడి 130 ఉందని ఆగకూడదు. ఆ వేగంలో ఎక్కువ భాగం ఊపిరి అందకపోవడం వల్లే. ఆసుపత్రిలో నెబులైజర్‌ను ఆక్సిజన్‌తో నడపడానికీ కారణం ఉంది: మందు మొదట్లో కాసేపు రక్తంలోని ఆక్సిజన్‌ను కొంచెం తగ్గించగలదు, పైనుంచి ఆక్సిజన్ అందితే ఆ లోటు పూడుతుంది.

ఊపిరి బాగున్నా దడ గంటల తరబడి తగ్గకపోవడం, లయ అడ్డదిడ్డంగా ఉండటం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, 150 పైన హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగిపోయే పరుగు ఉంటే మాత్రం మందు దడ అని సరిపెట్టుకోకుండా ఈసీజీ తీయించాలి.

అరవై ఏళ్లు దాటాక జీవితంలో మొదటిసారి పిల్లికూతలు వస్తే, అవి పడుకున్నప్పుడు పెరిగి లేచి కూర్చుంటే తగ్గుతుంటే, పాదాల్లో నీరు చేరుతుంటే, అది ఉబ్బసం కాకపోవచ్చు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అచ్చం ఇలాంటి శబ్దమే వస్తుంది. అక్కడ నెబులైజర్ మీద నెబులైజర్ పెడుతూపోతే అలసిన గుండె ఇంకా పరుగెత్తుతుంది. ఈసీజీ, ఎక్స్‌రే, అవసరమైతే ఎకో (గుండె స్కాన్) తీసి తేల్చుకున్నాకే ఇన్‌హేలర్ కొనసాగించాలా, నీరు తీసే మందు మొదలుపెట్టాలా అన్నది నిర్ణయిస్తారు.